‘నాకు ఆరేండ్లు’ అని కండక్టర్‌కు చెప్పేసిన బుడ్డోడు.. నలుగురిలో పిల్లలు పరువు తీస్తే తప్పు ఎవరిది?

బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చే పల్లెవెలుగు బస్సుల్లో ఈ సీన్ చూడనివాళ్లు తక్కువే. ఒళ్లో పిల్లాడు, కాళ్ల దగ్గర సంచి, చేతిలో ఆధార్ కార్డు. కండక్టర్ తల్లికి జీరో టికెట్ కొట్టి, పిల్లాడి వైపు చూస్తాడు. ‘బాబుకు ఎన్నేండ్లమ్మా?’ ‘ఐదు నిండలేదు సార్.’ అప్పటిదాకా కిటికీకి మొహం ఆనించి ట్రాక్టర్లు లెక్కపెడుతున్న బుడ్డోడు ఠక్కున ఇటు తిరుగుతాడు. ‘నాకు ఆరేండ్లు! మొన్ననే కేక్ కోసినం గదా అమ్మా!’

బస్సంతా నవ్వులే. తల్లికి మాత్రం మొహం మీద కొంగు కప్పుకోవాలనిపిస్తుంది. టికెట్ డబ్బుల సంగతి పక్కన పెడితే, దిగేలోపు పిల్లాడి తొడ మీద ఒక గిల్లుడు ఖాయం.

ఆ గిల్లుడు దేనికి? అబద్ధం చెప్పినందుకు కాదు, నిజం చెప్పినందుకు! చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లో ఇలా పరువు పోయిన ముచ్చట ఒకటైనా ఉంటుంది. బజార్లో నేల మీద పడి దొర్లడం, దవాఖానలో పక్కాయన బట్టతల గురించి గట్టిగా అడగడం, ఫంక్షన్ హాల్లో ప్యాంటు తడుపుకోవడం.. అప్పుడు సిగ్గుపడేది పెద్దవాళ్లు. దెబ్బ తినేది పిల్లలు. అసలు ఆ క్షణంలో పిల్లల బుర్రలో ఏం జరుగుతోంది? పెద్దవాళ్లు ఎక్కడ పొరపాటు చేస్తున్నారు?

హాఫ్ టికెట్ లెక్క ఇదీ

ఆర్టీసీలో ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ల వరకు హాఫ్ టికెట్. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు, ఆడపిల్లలకు ప్రయాణం ఫ్రీ. అంటే ఒకే సీట్లో అమ్మ, అక్క, తమ్ముడు కూర్చుంటే డబ్బులు కట్టాల్సింది ఆరేళ్ల తమ్ముడికి ఒక్కడికే. ఆ కాస్తా మిగులుతుందన్న ఆశతో పిల్లాడి వయసు ఒక ఏడాది తగ్గిపోతుంది.

ఇప్పుడు పిల్లాడి వైపు నుంచి చూడండి. మాటలు వచ్చినప్పటి నుంచి వాడికి ఇంట్లో నేర్పింది ఏంటి? వయసు అడిగితే వేళ్లు చూపించి గట్టిగా చెప్పమని. చుట్టాలు వస్తే చాలు, ‘మామకు చెప్పు బిడ్డా, నీకు ఎన్నేండ్లు?’ అని అడగడం, సరిగ్గా చెబితే చప్పట్లు కొట్టడం. కండక్టర్ అడిగినప్పుడు కూడా వాడు అదే చేశాడు. పైగా ఆ వయసులో ఒక ఏడాది పెరగడం అంటే వాడికి ప్రమోషన్ వచ్చినట్టే. దాన్ని అమ్మ ఎందుకు తగ్గిస్తోందో వాడికి అర్థం కాదు.

‘ఆ తాతకు ఎంటికలు ఎందుకు లేవు?’

ఇంకా చిన్నపిల్లలైతే కథ వేరు. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో డాక్టర్ల వీధి అందరికీ తెలిసిందే. అక్కడ ఏదో ఒక క్లినిక్‌లో నంబర్ కోసం గంట కూర్చుంటే చాలు, మూడేళ్ల పిల్లలు అడిగే ప్రశ్నలకు హాలంతా నిశ్శబ్దం అయిపోతుంది. ‘గా తాతకు నెత్తి మీద ఎంటికలు ఎందుకు లేవు?’, ‘గా ఆంటీ పొట్టల పాప ఉందా?’. ఆంటీ పొట్టలో పాప లేదు. అక్కడే అసలు ఇబ్బంది.

పిల్లలు ఎదుటివాళ్ల మనసును ఎలా చదువుతారన్న దాని మీద 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న కథతో పరీక్ష పెట్టారు. ఒక అబ్బాయి చాక్లెట్‌ను ఒక అల్మారాలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అల్మారాలోకి మారుస్తుంది. వాడు తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? పెద్దవాళ్లకు ఇదో ప్రశ్నే కాదు, ముందు పెట్టిన చోటే వెతుకుతాడు. మూడేళ్ల పిల్లలు మాత్రం ఎక్కువగా చాక్లెట్ ఇప్పుడున్న చోటునే చూపిస్తారు. తమకు తెలిసింది అవతలివాళ్లకు తెలియకపోవచ్చని, తమకు అనిపించింది అవతలివాళ్లకు అనిపించకపోవచ్చని వాళ్లకు ఇంకా అందదు. నాలుగైదేళ్లు వచ్చేసరికి ఈ తెలివి మెల్లగా వస్తుంది.

అలాగని పిల్లలకు మర్యాద అసలు తెలియదని కాదు. 2002లో తల్వార్, లీ అనే పరిశోధకులు చేసిన పరీక్షలో ఒకామె ముక్కు మీద ఎర్రటి మరకతో కూర్చుని, ఫొటో దిగడానికి తాను బాగానే ఉన్నానా అని పిల్లలను అడిగింది. మూడు నుంచి ఏడేళ్ల పిల్లల్లో ఎక్కువ మంది బాగున్నావనే చెప్పారు. ఆమె వెళ్లిపోయాక మాత్రం బాగోలేదని ఇంకొకరికి చెప్పేశారు! అంటే, సూటిగా అడిగితే మొహమాటానికి ఒక మాట అనడం పిల్లలకు తొందరగానే వస్తుంది. ఎవరూ అడగకపోయినా కొత్తగా కంటబడినదాన్ని నోట్లోనే ఆపుకోవడం మాత్రం రాదు.

అందుకే బట్టతల ప్రశ్నకు ‘నోరు ముయ్యి’ అంటే పని జరగదు. పిల్లలు ఇంకా గట్టిగా అడుగుతారు, తాతకు ఇంకా గట్టిగా వినబడుతుంది. ‘అందరికీ ఒక్కలెక్క ఉండయి బిడ్డా, మిగతాది ఇంటికి పోయినంక చెప్త’ అని మామూలు గొంతుతో అంటే చాలు. ఇంటికెళ్లాక చెప్పాలి కూడా. ఆ తాతకు ఒక చిన్న నవ్వు, ‘ఏమనుకోకుండ్రి పెద్దనాయిన’ అన్న ఒక్క మాట సరిపోతుంది. చాలామంది తాతలు నిజంగానే ఏమీ అనుకోరు, వాళ్ల ఇళ్లలోనూ మనవలు ఉంటారు.

చెరుకు గడ కోసం నేల మీద దొర్లితే..

చెరుకు ట్రాక్టర్ అంటే బోధన్ పిల్లలకు అదో సంబరం. ఒకప్పుడు శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ వైపు ఇలాంటి బండ్లు వరసగా వెళ్లేవి. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. చుట్టుపక్కల పొలాల్లో చెరుకు తగ్గింది, వరి పెరిగింది. అందుకే ఇప్పుడు చెరుకు బండి కనిపిస్తే, అందులోంచి ఒక గడ గుంజి ఇమ్మని పిల్లలు మొండికేస్తారు. ఇవ్వకపోతే రోడ్డు మీదే కూర్చుంటారు. చెరుకు కాకపోతే గాంధీ చౌక్‌లో రంగు బుగ్గ, అదీ కాకపోతే కిరాణా షాపు ముందు వేలాడే పది రూపాయల ప్యాకెట్.

ఇలా నేల మీద పడి ఏడవడం ఏ ఒక్క ఇంటి పెంపకం వల్లో వచ్చేది కాదు. అమెరికాలో దాదాపు 1500 మంది ప్రీస్కూల్ వయసు పిల్లల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో, అప్పుడప్పుడైనా ఇలా మొండికేసే పిల్లలు నూటికి 84 మంది దాకా ఉన్నారని తేలింది. రోజూ చేసేవాళ్లు మాత్రం 10 శాతం కంటే తక్కువే. ఇంకో ముఖ్యమైన లెక్క 2003లో పోటెగల్, డేవిడ్‌సన్ అనే పరిశోధకులు తేల్చారు. ఇలాంటి ఏడుపుల్లో నాలుగింట మూడు వంతులు ఐదు నిమిషాల్లోపే ముగిసిపోతాయి.

ఐదు నిమిషాలు! ఇంట్లో అయితే అది పెద్ద సంగతే కాదు. పిల్లాడు వంటింటి గడపలో పడి ఏడుస్తుంటే తల్లి పోపు వేసుకుంటూనే ఉంటుంది. కాసేపటికి వాడే లేచి వస్తాడు. అదే పిల్లాడు, అదే ఏడుపు గాంధీ చౌక్‌లో మొదలైతే తల్లి ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ప్యాకెట్ అయినా కొనిస్తుంది, వీపు మీద ఒకటైనా వేస్తుంది. రెండు చోట్లా పిల్లాడు ఒకటే. మారింది చుట్టూ ఉన్న జనం. ‘ఏం పెంపకమో’ అని వెనక నుంచి ఎవరో అన్నమాట చెవిన పడుతుంది. ఆ ప్యాకెట్ గానీ, ఆ దెబ్బ గానీ నిజానికి పిల్లాడి కోసం కాదు, చూస్తున్న జనం కోసం.

దీనివల్ల పిల్లలకు అందే పాఠం వేరేగా ఉంటుంది. ఇంట్లో ఏడిస్తే ఏమీ రాదు, బజార్లో ఏడిస్తే ఒక్కోసారి ప్యాకెట్ వస్తుంది. ప్రతిసారీ రాకపోయినా, అప్పుడప్పుడు వస్తే చాలు. అప్పుడప్పుడు మాత్రమే ఫలితం దొరికే అలవాటు, ఎప్పుడూ దొరికేదానికంటే గట్టిగా పాతుకుపోతుందని మనస్తత్వ శాస్త్రం ఎప్పటి నుంచో చెబుతోంది. లాటరీ టికెట్లు కొనేవాళ్లను చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది.

దెబ్బ సంగతీ అంతే. స్కూళ్లలో పిల్లలను కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. టీచర్ చెయ్యి చేసుకుంటే నిలదీసే తల్లిదండ్రులే బజార్లో నలుగురు చూస్తున్నారని కొట్టేస్తుంటారు. ఆ దెబ్బతో ఏడుపు ఆగదు, రెట్టింపవుతుంది. దాంతో ఇంకో నలుగురు తిరిగి చూస్తారు.

మరి ఏం చేయాలి? ముందు పిల్లాడిని ట్రాఫిక్ లేని పక్కకు తీసుకెళ్లాలి. కిందికి వంగి, వాడి కళ్లకు ఎదురుగా మొహం పెట్టి ఒకే ఒక్క మాట చెప్పాలి. ‘గడ కావాలని ఉంది నీకు, ఇయ్యాల కొనం.’ ఆ తర్వాత లెక్చర్ వద్దు. ఏడుస్తున్న బుర్రకు పొడుగు మాటలు ఎక్కవు. పక్కన ఉండాలి, చూస్తూ ఉండాలి. ఆకలి, నిద్ర, ఎండ.. ఈ మూడింట్లో ఏదైనా ఉందేమో ఆలోచించాలి. మే నెల మధ్యాహ్నం నిజామాబాద్ ఎండలో పెద్దవాళ్లకే చిరాకు పుడుతుంది, రెండేళ్ల పిల్లాడిని అనడం దేనికి?

బాసరలో ఎవరూ సిగ్గుపడరు!

ఈ జనం చూపు ఎంత పనిచేస్తుందో తెలియాలంటే బాసర వెళ్లాలి. నిజామాబాద్, బోధన్ నుంచి పిల్లల అక్షరాభ్యాసానికి చాలా కుటుంబాలు వెళ్లేది అక్కడి జ్ఞాన సరస్వతి ఆలయానికే. వసంత పంచమి రోజైతే చెప్పనక్కర్లేదు. పలక, బలపం, పళ్లెంలో బియ్యం ముందు కొత్త బట్టల్లో పిల్లలు వరసగా కూర్చుంటారు. ఒకడు మొదలుపెడితే చాలు, వరసంతా ఏడుపే. ఒకడు బియ్యం చల్లేస్తాడు, ఇంకొకతి బలపం నోట్లో పెట్టుకుంటుంది. అంత గోలలోనూ ఏ తల్లీ తలదించుకోదు, ఎవరూ పెంపకాన్ని అనరు. పక్కింటి పిల్లాడూ ఏడుస్తున్నాడు కాబట్టి అందరూ నవ్వుకుంటారు. పుట్టు వెంట్రుకలు తీయించే చోటా ఇదే సీన్.

గల్ఫ్ నుంచి నాయిన వచ్చిన రోజు

నిజామాబాద్ జిల్లాకు మాత్రమే కాదు కానీ, ఇక్కడ బాగా తెలిసిన ఇబ్బంది ఇంకొకటి ఉంది. తెలంగాణలో గల్ఫ్‌కు ఎక్కువ మంది వెళ్లే జిల్లాల్లో ఇదొకటి. పెండ్లయిన కొద్ది నెలలకే దుబాయ్, సౌదీ వెళ్లిపోయి, రెండేళ్లకు గానీ ఇంటికి రాని తండ్రులు ఎందరో. బిడ్డ పుట్టిన సంగతి వాళ్లకు తెలిసింది ఫోన్లో. బిడ్డ మొదటి నవ్వు, మొదటి అడుగు చూసింది కూడా ఫోన్లోనే.

ఇక ఆ తండ్రి ఇంటికొచ్చే రోజు. శంషాబాద్ నుంచి కారు, ఇంటి ముందు చుట్టాలు, వాడకట్టంతా. కారు దిగి, సూట్‌కేసు కూడా తీయకుండా రెండు చేతులూ చాపుతాడు. రెండేళ్ల బిడ్డ గట్టిగా ఏడ్చి నానమ్మ కొంగు వెనక దాక్కుంటుంది. ‘నాయిన ఎక్కడ?’ అని అడిగితే ఫోన్ వైపు వేలు చూపిస్తుంది. నాయిన అంటే ఫోన్లో ఉండేటోడు, ఈ కొత్త మనిషి ఎవరు?

జనం నవ్వుతారు. తండ్రి కూడా నవ్వుతాడు, కానీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఈ సీన్‌లో ఎక్కువ మాటలు పడేది మాత్రం తల్లికి. ‘తండ్రిని గుర్తు పట్టేటట్టు నేర్పకపోతివా?’ అని అత్త అంటుంది, ఆడబిడ్డ అంటుంది.

నేర్పినా ఇలాగే జరుగుతుంది. సాధారణంగా ఏడెనిమిది నెలల వయసు నుంచే పిల్లలకు కొత్తవాళ్లంటే భయం మొదలవుతుంది. తెలిసిన మొహం ఏదో, కొత్త మొహం ఏదో తేడా తెలిసిందనడానికి అది గుర్తు, అంటే ఎదుగుదల సరిగ్గా ఉన్నట్టే. ఫోన్లో తండ్రి అరచేయంత బొమ్మ. ఎదురుగా వచ్చినవాడు ఆరడుగుల మనిషి, గొంతు పెద్దది, అత్తరు వాసన కొత్తది, గడ్డం గుచ్చుకుంటుంది. ఈ రెండూ ఒకటేనని ఆ బుర్ర కలుపుకోవడానికి టైం పడుతుంది.

అలాగని వీడియో కాల్స్ దండగ కాదు. ఏడాదిన్నరలోపు పిల్లలకు స్క్రీన్లు వద్దని చెప్పే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, 2016లో ఇచ్చిన సూచనల్లో వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. పక్కన ఒక పెద్ద మనిషి కూర్చుని ‘చూడు, నాయిన నవ్వుతున్నడు, నాయినకు చెయ్యి ఊపు’ అని మాట కలుపుతుంటే ఆ కాల్ ఇంకా బాగా పనిచేస్తుంది.

వచ్చిన రోజు తొందరపడకూడదు. ‘పో, నాయిన దగ్గరికి పో’ అని చేతుల్లోకి తోస్తే భయం పెరుగుతుంది. తండ్రి కింద చాప మీద కూర్చుని, బిడ్డను చూడనట్టే తెచ్చిన బొమ్మతో తానే ఆడుకుంటే సగం పని అయిపోతుంది. నానమ్మ పక్కనే ఉండాలి. మెల్లగా బొమ్మ కోసం ఒక చెయ్యి వస్తుంది, తర్వాత రెండు అడుగులు వస్తాయి. కొందరికి ఒక పూట చాలు, కొందరికి వారం పడుతుంది. నెల రోజుల సెలవులో వారం అంటే తండ్రికి చాలా ఎక్కువే, అది నిజం. అందుకే వచ్చిన మొదటి రోజే చుట్టాలందరినీ పిలవకుండా ఇల్లు కాస్త ఖాళీగా ఉంచుకోవడం మంచిది.

ఫోన్ తీయకముందు ఒక్క నిమిషం..

ఇప్పుడు ఈ ముచ్చట్లన్నీ ఇంటితో ఆగడం లేదు. బిడ్డ నానమ్మ వెనక దాక్కోగానే ముందుగా బయటికి వచ్చేది ఫోన్. సాయంత్రానికల్లా వాట్సాప్ స్టేటస్, రాత్రికి రీల్. మన దేశంలో దీని మీద పెద్ద చర్చ 2017 ఆగస్టులో జరిగింది. అంకెలు చెప్పమని ఒత్తిడి చేస్తుంటే ఒక చిన్నారి చేతులు జోడించి ఏడుస్తున్న వీడియో దేశమంతా తిరిగింది. విరాట్ కోహ్లీ, శిఖర్ ధావన్ లాంటి క్రికెటర్లు కూడా దాని మీద బాధపడుతూ పోస్టులు పెట్టారు. ఇంట్లోవాళ్లు సరదాగా తీసుకున్న వీడియో, ఆ కుటుంబానికే తలనొప్పి అయింది.

తెలుగులో ఇంకా చేదు అనుభవం 2024 జులైలో జరిగింది. ఒక తండ్రీకూతుళ్ల మామూలు వీడియో మీద ఒక యూట్యూబర్, అతడి స్నేహితులు లైవ్‌లో అసభ్యంగా మాట్లాడారు. హీరో సాయి ధరమ్ తేజ్ దాన్ని సోషల్ మీడియాలో బయటపెట్టాక తెలంగాణ ప్రభుత్వం స్పందించింది. సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేసింది. పోస్టు చేసినవాళ్లకు అది ముద్దు ముచ్చటే. చూసేవాళ్లందరి కళ్లు మాత్రం ఒకేలా ఉండవు.

పిల్లల వల్ల లైవ్‌లో దొరికిపోయి కూడా అందరి మనసూ గెలుచుకున్నవాళ్లూ ఉన్నారు. 2017 మార్చిలో దక్షిణ కొరియా రాజకీయాల మీద బీబీసీకి ఇంట్లోంచి ఇంటర్వ్యూ ఇస్తున్న ప్రొఫెసర్ రాబర్ట్ కెల్లీ గదిలోకి చిన్న కూతురు చేతులు ఊపుకుంటూ వచ్చేసింది. వెనకే వాకర్‌లో బుడ్డోడు, ఆ వెనక పరుగెత్తుకుంటూ తల్లి. ప్రపంచమంతా నవ్వింది, ఆయన ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆ తల్లిని చూసి చాలామంది పనిమనిషి అనుకున్నారు, ఆ మాట మీద మళ్లీ పెద్ద గొడవ. ఆ వీడియోలో నిజంగా సిగ్గుపడాల్సింది ఎవరైనా ఉంటే, అలా అనుకున్నవాళ్లే.

ఎప్పుడు డాక్టర్‌కు చూపించాలి?

పగటిపూట ప్యాంటు తడపడం మూడు నాలుగేళ్ల దాకా మామూలే. రాత్రిపూట పక్క తడపడాన్ని ఐదేళ్లు దాటేదాకా డాక్టర్లు సమస్యగా చూడరు. ఫంక్షన్‌కు వెళ్లేటప్పుడు సంచిలో ఇంకో జత బట్టలు ఉంటే చాలు.

బూతు మాటల విషయానికొస్తే, బోధన్ లాంటి చోట్ల పిల్లల చెవిన తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ పడుతుంటాయి. ముందుగా పట్టేది అందరూ గట్టిగా అనే మాటనే. చుట్టాల ముందు ఆ మాట అన్నప్పుడు నవ్వకపోవడమే మందు. నవ్వితే సాయంత్రంలోపు ఇంకో పదిసార్లు వింటారు.

మొండితనం మాత్రం కొన్నిసార్లు గమనించాలి. ప్రతిసారీ అరగంట దాకా ఆగకపోవడం, తల నేలకేసి కొట్టుకోవడం, తనను తాను కొరుక్కోవడం, స్కూలుకు వెళ్లే వయసు వచ్చినా రోజూ ఇలాగే ఉండటం, మాటలు సరిగ్గా రాకపోవడం.. ఇవి కనిపిస్తే పిల్లల డాక్టర్‌ను కలవాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, సర్కారు బడుల్లో పిల్లలకు పరీక్షలు చేసే టీములు వస్తుంటాయి, వాళ్లకూ చెప్పొచ్చు.

ఇంకో మాట. పెండ్లి బరాత్‌లో డీజే మొదలవగానే చెవులు మూసుకుని అరిచే పిల్లాడు మొండోడు కాకపోవచ్చు. ఆటిజం ఉన్న కొందరు పిల్లలకు ఆ శబ్దం భరించలేనంతగా ఉంటుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజాన్ని కూడా చేర్చారు. అయితే బరాత్‌లో ఉన్నవాళ్లకు ఇదేదీ తెలియదు, వాళ్లకు కనిపించేది పిల్లాడిని ఆపలేకపోతున్న తల్లి ఒక్కతే. ఆ సమయంలో ‘గట్టిగ రెండు తగిలియ్యి’ అనే సలహా కంటే, ‘అక్కా, నీ సంచి నేను పట్టుకుంట, బాబును పక్కకు తీస్కపో’ అన్న మాట ఆమెకు ఎంతో సాయం.

బస్సులోనూ అంతే. వయసు బయటపడ్డాక చాలామంది కండక్టర్లు పెద్దగా గొడవ చేయరు, నవ్వుతూ హాఫ్ టికెట్ కొడతారు. ‘అవును సార్, ఆరేండ్లే, ఇయ్యండి’ అని తల్లి డబ్బులు ఇచ్చేస్తే అక్కడితో అయిపోతుంది. ఇక ఆ టికెట్ పిల్లాడి చేతికి వచ్చిందంటే నిజామాబాద్ బస్టాండ్ దాకా వదలడు. అమ్మ ఒళ్లోంచి దిగిపోతాడు కూడా. టికెట్ ఉంది కాబట్టి తనకు వేరే సీటు కావాలంటాడు. నిలబడటానికే చోటు లేని ఆ బస్సులో వాడికి సీటు ఎక్కడి నుంచి తేవాలో మళ్లీ తల్లే చూసుకోవాలి.